ఓడల పాత చెక్కడపు బొమ్మ చేతికి వస్తే: మార్పు జరిగింది రేకు మీదా, కాగితం మీదా?

నల్లగొండ, మహబూబ్‌నగర్, వనపర్తి, గద్వాల ప్రాంతాల పాత మిద్దె ఇళ్లలోనూ, సంస్థానాల కాలపు సామాను చేతులు మారిన చోట్లలోనూ, అద్దం వేసి పటం కట్టిన విదేశీ బొమ్మలు అప్పుడప్పుడు బయటపడుతుంటాయి. హైదరాబాదులో పాత పుస్తకాలతోపాటు కొని తెచ్చుకున్నవీ ఉంటాయి. అలాంటివాటిలో సముద్రం మీద తెరచాపల ఓడలు, నల్లని సన్నని గీతలు, కింద లాటిన్ అక్షరాలు ఉన్న కాగితం ఒకటి మీ చేతికి వచ్చిందనుకుందాం. ఒక మూల చిరిగి ఉంది, అంచులు కత్తిరించి ఉన్నాయి, అలల మీద ఎవరో నీలిరంగు పూశారు, ఒక ఓడ జెండా తక్కిన బొమ్మతో కలవడం లేదు. ఇది నిజంగా యూరపు పునరుజ్జీవన కాలపు (పదిహేను, పదహారు శతాబ్దాల) రాగిరేకు ముద్రణేనా, అయితే దానిలో అసలు ఎంత, తరువాత చేరింది ఎంత, దాన్ని మన ఎండలకూ వానలకూ తట్టుకునేలా ఎలా కాపాడాలి అన్నవి ఈ వ్యాసంలో చూద్దాం.

పరీక్ష అంతటికీ ఒకే ప్రశ్న ఆధారం. కనిపించిన ప్రతి మార్పు విషయంలోనూ, అది రాగిరేకు మీద జరిగిందా, లేక ఈ ఒక్క కాగితం మీదనే జరిగిందా అని అడగాలి. రేకు మీద జరిగిన మార్పు ఆ తరువాత అచ్చయిన ప్రతులన్నిటిలోనూ కనిపిస్తుంది. పండితుల జాబితాల్లో దానికి ఒక దశగా స్థానం ఉంటుంది. అది ఆ బొమ్మ చరిత్రలో భాగం. కాగితం మీద జరిగిన మార్పు ఈ ప్రతికే పరిమితం. అది మరమ్మతు కావచ్చు, అలంకారం కావచ్చు, మోసం కావచ్చు. ఈ రెంటినీ కలిపి చూసేవారు అరుదైన దశను పాడైపోయిన ప్రతి అనుకుంటారు, పెన్నుతో దిద్దిన ప్రతిని అరుదైన దశ అనుకుంటారు.

ఈ తేడా తెలియాలంటే ముద్రణ ఎలా జరిగేదో తెలియాలి. ఇత్తడి గిన్నెల మీద పేరు చెక్కేటప్పుడు ఉలి ముందుకు జరిగేకొద్దీ సన్నని లోహపు పీచు ఎలా లేస్తుందో, రాగిరేకు మీద బ్యూరిన్ అనే మొనదేలిన పనిముట్టు అలాగే గాడి తీస్తుంది. రేకు అంతటా సిరా పట్టించి, పైభాగాన్ని శుభ్రంగా తుడిచేస్తే గాళ్లలోని సిరా మాత్రమే మిగులుతుంది. తడిపిన కాగితాన్ని రేకు మీద పరచి రెండు రోలర్ల మధ్య గట్టిగా నొక్కుతూ పంపితే, కాగితం గాళ్లలోకి దిగి సిరాను పైకి తీసుకుంటుంది. అందుకే అసలైన ముద్రణలో గీతలు కాగితం మీద కొద్దిగా ఉబ్బి ఉంటాయి, రేకు అంచు నొక్కుకున్న గుర్తు బొమ్మ చుట్టూ దీర్ఘచతురస్రంగా కనిపిస్తుంది. బ్యూరిన్ గీత సూదిలా సన్నగా మొదలై, మధ్యలో లావెక్కి, మళ్లీ సన్నబడి ముగుస్తుంది. పెన్ను గీతకు ఈ నడక సాధారణంగా రాదు.

ఎలాంటి బొమ్మలు దొరికే అవకాశం ఉందో ముందే తెలిసి ఉంటే అనవసరపు ఆశ ఉండదు. ఓడల చెక్కడాల్లో పేరున్నవి ఇప్పటి బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ నగరంలో హైరోనిమస్ కాక్ ప్రచురించినవి. చిత్రకారుడు పీటర్ బ్రూగెల్ గీసిన ఓడలను ఫ్రాన్స్ హుయిస్ అనే చెక్కడపు పనివాడు రాగిమీదకు ఎక్కించాడు. వీరిద్దరి పేర్లతో 1561లో వచ్చిన మెస్సీనా జలసంధి నౌకాయుద్ధం రెండు రేకులతో అచ్చయిన పెద్ద బొమ్మ. అందుకే దానిలో సగం మాత్రమే విడిగా దొరికితే, ఒక పక్క కత్తిరించేశారని తొందరపడి అనుకోకూడదు. ఇవి కాక పుస్తకాలనుంచి విప్పిన పుటలు ఉంటాయి. బ్రౌన్, హోగెన్‌బర్గ్‌ల నగరచిత్రాల సంపుటాల్లో మొదటిది 1572లో వెలువడింది. అందులో కాలికట్ తీరం, దాని ముందు ఓడలు ఉన్న పుట ఉంది కనుక మన దేశంలో సేకర్తలు దాన్ని ఇష్టంగా కొంటారు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ద బ్రై కుటుంబం 1590 నుంచి ప్రచురించిన సముద్రయాత్రల సంపుటాల్లోనూ ఓడల బొమ్మలు విరివిగా ఉన్నాయి. నగరచిత్రాల పుటకైతే మధ్యలో మడత, వెనుకవైపు లాటిన్‌లోనో జర్మన్‌లోనో ఫ్రెంచ్‌లోనో అచ్చు పాఠం ఉండటం సహజం. వాటిని లోపాలుగా లెక్కించకూడదు, పైగా ఆ పాఠమే ఏ ముద్రణో చెబుతుంది. అయినా మన జిల్లాల్లో పటాల వెనుకనుంచి బయటపడేవి ఎక్కువగా పందొమ్మిదో, ఇరవయ్యో శతాబ్దపు నకళ్లే అయి ఉంటాయని ముందే మనసుకు చెప్పుకోవడం మంచిది.

చేయి వేయడానికి ముందు

బల్ల మీద శుభ్రమైన తెల్లకాగితం పరచి, చేతులు సబ్బుతో కడిగి పూర్తిగా ఆరనిచ్చి, పంకా ఆపి పని మొదలుపెట్టాలి. పటం నుంచి బొమ్మను తీసేటప్పుడు వెనుక ఉన్న మేకులను పైకి లాగి, అట్టను తీసి, కాగితం అద్దానికి అతుక్కుని ఉందేమో చూడాలి. అతుక్కుని ఉంటే లాగకుండా అద్దంతో సహా అలాగే ఉంచి నిపుణుడికి వదిలేయాలి. కావలసిన పనిముట్లు కొద్దివే: మిల్లీమీటర్ల గీతలున్న స్కేలు, టార్చిలైటు, గడియారాలు బాగుచేసేవారు కంటికి పెట్టుకునే పదిరెట్ల భూతద్దం, తెల్లని తెర చూపించగల ట్యాబ్లెట్ లేదా పెద్ద ఫోను, నోట్లు పరీక్షించే యూవీ దీపం. పెన్ను దగ్గర పెట్టుకోకూడదు. రాతకు పెన్సిలు చాలు.

మొదట భూతద్దంతో ఒక ఓడ పక్కభాగాన్ని చూడాలి. గీతలకు బదులు వరుసగా చుక్కలు కనిపిస్తే అది ఆఫ్‌సెట్ అచ్చు, పరీక్ష అక్కడితో ముగిసినట్లే. గీతలే ఉన్నా అన్నీ ఒకే తీరుగా చదునుగా ఉండి, వేలి కింద కానీ వాలు వెలుతురులో కానీ ఎత్తు తెలియకపోతే అది నున్నని రాయి మీద గీసి అచ్చువేసే శిలాముద్రణ (లిథోగ్రాఫు) కావచ్చు. ఇంతకన్నా చిక్కైనది పందొమ్మిదో శతాబ్దంలో ఫొటోగ్రాఫు సాయంతో రాగిరేకు తయారుచేసి అచ్చువేసిన నకలు. దానికి రేకు గుర్తూ ఉంటుంది, గీతల ఉబ్బూ ఉంటుంది. పారిస్‌లో అమాండ్ డ్యూరాండ్ చేసిన ఇలాంటి నకళ్లు నిజాయితీగా అమ్మినవే. వాటి వెనుకవైపు తరచుగా చిన్న ఎర్రముద్ర ఉంటుంది. ఆ ముద్రను గీకేసిన జాడ ఉంటే మాత్రం అమ్మినవారి ఉద్దేశం వేరని అర్థం.

కాగితం చెప్పే సాక్ష్యం

ట్యాబ్లెట్ తెరను తెల్లగా పెట్టి, దానిపైన పలుచని పారదర్శకపు షీటు వేసి, బొమ్మను నెమ్మదిగా దాని మీద ఉంచాలి. పదహారవ శతాబ్దపు యూరపు కాగితం తీగల జల్లెడ మీద చేత్తో ఎత్తినది కనుక, దగ్గర దగ్గరగా సన్నని గీతలు, వాటికి అడ్డంగా సుమారు రెండు, మూడు సెంటీమీటర్ల ఎడంతో దూరపు గీతలు వెలుతురులో కనిపిస్తాయి. ఈ గీతలేవీ లేకుండా కాగితం అంతా ఒకే తీరుగా ఉంటే, అలాంటి కాగితం యూరపులో 1757 ప్రాంతంలో గాని వాడుకలోకి రాలేదు కాబట్టి, ఆ అచ్చు పునరుజ్జీవన కాలానిది కాదు. గీతలున్నంత మాత్రాన పాతదని నమ్మకూడదు; అలాంటి కాగితం ఇప్పటికీ తయారవుతోంది. నీటిగుర్తు (వాటర్‌మార్క్, అంటే కాగితం తయారీలోనే పడి వెలుతురులో కనిపించే గుర్తు) కనిపిస్తే దాని ఫొటో తీసి, పక్కన స్కేలు పెట్టి కొలత రాసుకోవాలి. స్విట్జర్లాండ్ పండితుడు బ్రికే 1907లో ప్రచురించిన నీటిగుర్తుల నిఘంటువులో పదహారు వేలకు పైగా పాత నీటిగుర్తులు ఉన్నాయి. దానితో పోల్చితే కాగితం కాలం కొంత ఇరుకు హద్దుల్లోకి వస్తుంది. చీకటి గదిలో యూవీ దీపం చూపినప్పుడు కాగితం నీలిరంగు కలిసిన తెలుపుగా మెరిస్తే, ఆ తెలుపు ఇరవయ్యో శతాబ్దపు నడుమ నుంచి కాగితంలో కలుపుతున్న రసాయనాలది. మొత్తం కాగితం మెరవక ఒక మూల ముక్క ఒక్కటే మెరిస్తే, ఆ ముక్క అతికించినదని తేలిపోతుంది. దీపాన్ని కంటికి సూటిగా చూపకూడదు, బొమ్మ మీద కూడా ఎక్కువసేపు ఉంచకూడదు.

రేకు మీద జరిగిన మార్పులు

రాగి మెత్తని లోహం. అచ్చు వేసిన కొద్దీ గాళ్లు అరిగి గీతలు పాలిపోతాయి. అప్పుడు యజమాని రేకును మళ్లీ చెక్కించి అమ్మకానికి పెట్టేవాడు. కాక్ 1570లో మరణించాక ఆయన భార్య ఫోల్‌క్స్‌కెన్ డీరిక్స్ 1600 వరకు దుకాణం నడిపింది. తరువాత ఆంట్‌వెర్ప్‌లో గాలె కుటుంబంవారు పాత రేకులను మళ్లీ అచ్చువేశారు. ఒక్కో చేతిలో పడినప్పుడల్లా కింది అంచున ప్రచురణకర్త పేరు మారేది. ఎక్స్‌కూడిట్ (excudit) అన్న లాటిన్ మాటకు ముందున్న పేరు ప్రచురణకర్తది, ఇన్వెంటర్ (inventor) పక్కనున్నది బొమ్మ గీసినవాడిది, స్కల్ప్‌సిట్ (sculpsit) పక్కనున్నది చెక్కినవాడిది. ఈ మూడు పేర్లనూ ఉన్నవి ఉన్నట్లు, చెరిగిన అక్షరాల చోట చుక్కలు పెట్టి, రాసుకోవాలి.

రేకు మీది పేరును చెరపాలంటే గీకి, వెనుకనుంచి సుత్తితో కొట్టి సమం చేసి, నునుపు పెట్టేవారు. ఎంత నునుపు పెట్టినా పాత గాడి ఛాయ కొంచెం మిగులుతుంది; అచ్చులో అది పలుచని బూడిదరంగు మసకగా కనిపిస్తుంది, కాగితం మాత్రం అక్కడ చెక్కుచెదరకుండా ఉంటుంది. ఇదే కాగితం మీద గీకి చెరిపితే పోగులు లేస్తాయి, వెలుతురుకు పట్టినప్పుడు ఆ చోటు పలుచబడి ప్రకాశిస్తుంది. ఈ ఒక్క తేడాను కంటికి అలవాటు చేసుకుంటే సగం పని అయినట్లే.

బొమ్మ అద్దంలో చూసినట్లు తిరగబడి ఉంటే అది వేరే రేకు. ఒకరి ముద్రణను చూసి మరొకరు రేకు మీద యథాతథంగా చెక్కితే అచ్చులో కుడి ఎడమవుతుంది. ఆ కాలంలో నకళ్లలో చాలా భాగం ఇలా పుట్టినవే. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్‌మ్యూజియం, లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియం, న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం తమ ప్రతుల పెద్ద ఫొటోలను ఉచితంగా చూపిస్తున్నాయి. మీ ప్రతిని పక్కన పెట్టుకుని ఓడ ముందుభాగం ఏ వైపు ఉందో, ఎన్ని తెరచాపలు ఉన్నాయో, తాళ్ల వరుస ఎలా సాగిందో ఒక్కొక్క అంగుళం చొప్పున పోల్చాలి. విసుగు పుట్టించే పనే, కానీ దీనికి బదులుగా మరో దారి లేదు.

కాగితం మీద జరిగిన మార్పులు

అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది అంచులు కత్తిరించడం. రేకు గుర్తు దాకా కత్తిరిస్తే నష్టం కొంచెమే; బొమ్మ లోపలికి కత్తెర వెళితే గుర్తింపే పోతుంది. బ్రూగెల్ ఓడల్లో ఒకదాని పైన ఆకాశంలో గ్రీకు పురాణంలోని డెడాలస్, ఇకారస్ ఎగురుతూ కనిపిస్తారు. పై అంచు పోయి వారు పోతే, మిగిలేది ఒక యుద్ధనౌక మాత్రమే. దాన్ని వేరే బొమ్మగా పొరబడటం సులభం. అందుకే పుస్తకాల్లో ఇచ్చిన రేకు కొలతతో మీ కాగితం కొలతను ముందే సరిచూడాలి. కాగితం తడిసి ఆరినప్పుడు కొద్ది మిల్లీమీటర్లు సాగడం, కుంచించుకోవడం ఉంటుంది కనుక ఆ మాత్రం తేడాను పట్టించుకోనక్కరలేదు. కత్తిరించిన ప్రతికి చుట్టూ కొత్త అంచు అతికించి, దాని మీద రేకు గుర్తును నొక్కి సృష్టించిన సందర్భాలూ ఉంటాయి. కాగితాన్ని వెలుతురుకు పట్టి జల్లెడ గీతలు అంచువరకు ఆగకుండా సాగుతున్నాయా అని చూస్తే ఆ అతుకు దొరికిపోతుంది.

చిరిగి పోయిన మూలను పెన్నుతో పూరించడం రెండవది. అలలు గీసేటప్పుడు చెక్కేవాడు సమాన దూరంలో వంపు గీతలను వరుసగా లాగుతాడు. పూరించినవాడి చెయ్యి ఎంత నేర్పరిదైనా ఆ గీతల మధ్య దూరం ఒకచోట హెచ్చుతుంది, ఒకచోట తగ్గుతుంది, చివరలు మొద్దుబారుతాయి. టార్చిని బల్లకు ఆనించి పక్కనుంచి వెలుతురు వేస్తే అసలు గీతలు ఉబ్బి నీడ వేస్తాయి, పెన్ను గీతలు వేయవు. బొమ్మను ఎప్పుడో నీటిలో ఉతికి గట్టిగా నొక్కి ఆరబెట్టి ఉంటే మాత్రం ఈ ఉబ్బు అణిగిపోతుంది. అప్పుడు రంగును చూడాలి. అచ్చు సిరా మసి, అవిసెనూనె కలిపి చేసినది, శతాబ్దాలు గడిచినా నల్లగానే ఉంటుంది. పాతకాలపు రాతసిరా కరక్కాయ వంటి వగరు పదార్థం, ఇనుప లవణం కలిసినది. అది కాలంతోపాటు గోధుమరంగుకు తిరుగుతుంది, కాగితాన్ని తిని వెనుకకు దిగుతుంది, యూవీ వెలుతురులో చుట్టూ ఉన్న కాగితం కన్నా నల్లగా కనిపిస్తుంది.

రంగు వేసిన ప్రతులన్నీ అనుమానించదగినవి కావు. నగరచిత్రాల వంటి సంపుటాలకు ఆ కాలంలోనే చేతితో రంగులు వేయించుకునేవారు. రాగి నుంచి తీసిన పచ్చరంగు పాతదైతే వెనుకవైపు గోధుమ మచ్చగా ఇంకి ఉంటుంది. సముద్రానికి వేసిన నీలి ప్రషియన్ నీలమని ప్రయోగశాలలో తేలితే, ఆ రంగు పద్దెనిమిదో శతాబ్దపు తొలి ఏళ్ల వరకు పుట్టనే లేదు కాబట్టి, రంగు తరువాతి చేర్పు. చిరుగుల మీదుగా, పురుగు తొలిచిన రంధ్రాల అంచుల లోపలికి రంగు పారి ఉంటే, చిరిగిన తరువాతే పూశారని ప్రయోగశాల లేకుండానే చెప్పవచ్చు.

ఇక జెండా సంగతి. మనం సముద్రానికి దూరం. సోమశిల దగ్గర పుట్టి పడవ, సాగర్‌లో లాంచీ చూసినవాళ్లమే కాని మూడు తెరచాప స్తంభాల ఓడ భాగాలు మనకు అంతగా పరిచయం లేదు. అయినా గాలి లెక్క ఎవరైనా వేయగలరు. ఒకే ఓడ మీద స్తంభాల కొనలనున్న పొడవైన పతాకాలు, ఉబ్బిన తెరచాపలు, ఫిరంగి పొగ ఉంటే ఆ పొగ, ఇవన్నీ ఒకే గాలికి లోబడి ఉండాలి. ఒక్క జెండా ఎదురు దిక్కుకు రెపరెపలాడుతూ ఉంటే అక్కడ భూతద్దం పెట్టాలి. కొనుగోలుదారు దేశాన్ని బట్టి జెండా మీది గుర్తును దిద్దడం సులభమైన పని కాబట్టి, దిద్దుబాట్లు ముందుగా వెతకవలసిన చోటు అదే. అయితే చెక్కినవాడే గాలిని లెక్కచేయకుండా గీసిన బొమ్మలూ లేకపోలేదు. అందువల్ల గాలి లెక్క అనుమానం పుట్టించడానికే పనికొస్తుంది, తీర్పు మాత్రం గీత ఉబ్బు, మ్యూజియం ప్రతితో పోలిక ఇవ్వాలి.

కనిపించిన ప్రతి విషయాన్నీ ఫొటోతో సహా రాసుకోవాలి: ముందువైపు, వెనుకవైపు, వాలు వెలుతురులో, వెనుకనుంచి వెలుతురులో. పాత పటం అట్ట మీద పటాలు కట్టిన దుకాణం చీటీ ఉంటే దాన్నీ దాచాలి.

ఇంట్లో చేయకూడనివి, చేయదగినవి

జిరాక్సు దుకాణంలో లామినేషన్ చేయించడం కన్నా ఘోరం మరొకటి లేదు. వేడికి కరిగి కాగితంలో దిగిన ప్లాస్టిక్‌ను తిరిగి తీయడం దాదాపు అసాధ్యం. సెలోటేపు పసుపు జిడ్డు మరకను వదులుతుంది, ఫెవికాల్ ఎండితే నీటితో విడదు. పుస్తకాల బైండింగుకు వాడే మైదా జిగురులో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపే అలవాటు మన దగ్గర ఉంది. అది పురుగును ఆపినా, అందులోని రాగి కాగితాన్ని లోపలినుంచి చివికిస్తుంది. పరిరక్షకులు వాడేది గోధుమ పిండిలోని జిగట తీసేసి మిగిలిన పిండిపదార్థంతో ఉడికించిన జిగురు, పలుచని జపాను కాగితం. ఆ పని చూసి నేర్చుకున్నవారికే వదిలేయాలి. మరకలను బ్లీచింగు నీటితో తుడవడం, ఎండలో పెట్టి తెల్లబరచడం, పెన్ను గీతలను తడి దూదితో తుడిచి చూడటం చేయకూడదు. అది దిద్దుబాటేనని తేలినా దాన్ని తీసేయడానికి తొందరపడకూడదు. తీసిన చోట మిగిలేది బోసి కాగితమే. మెత్తని కుంచెతో పైదుమ్మును మధ్యనుంచి అంచులవైపు తోయడం వరకే ఇంటిపని.

మన వాతావరణంలో అసలు ప్రమాదం ఒక రుతువుది కాదు, రుతువుల మార్పుది. మే నెల వడగాలికి కాగితం పెళుసెక్కుతుంది, జూలై ముసురుకు బూజు పడుతుంది. వీటి మధ్య ఎయిర్ కూలరు ఉన్న గది మరీ చెడ్డది, ఎందుకంటే పగలు తేమను నింపి, ఆపగానే ఎండబెడుతుంది. ఆ గదిలో ఈ పటం వేలాడదీయకూడదు. గాలిలో తేమ 50 శాతం దరిదాపుల్లో, నిలకడగా ఉంటే చాలు. ఆమ్లం లేని అట్టల మధ్య బొమ్మను పడుకోబెట్టి, గోడకు జానెడు ఎడంగా, నేలకు ఎత్తుగా ఉంచిన ఇనుప బీరువాలో పెట్టాలి. చెదలు గోడ పట్టుకునే ఎక్కుతాయి. డాంబర్ గోలీలను బీరువా మూలన గుడ్డలో కట్టి ఉంచవచ్చు కాని కాగితానికి తగలనీయకూడదు. వేపాకు పొరలుగా వేయడం బట్టలకు సరే, బొమ్మకు మరక. తప్పక వేలాడదీయాలంటే అద్దానికీ కాగితానికీ మధ్య కిటికీలా కోసిన అట్ట ఉండాలి, వెనుక ప్లైవుడ్ తగలకూడదు, ఎండ పడని గోడ కావాలి. మ్యూజియంలు కాగితపు బొమ్మల మీద 50 లక్స్‌కు మించి వెలుతురు (లక్స్ దాని కొలత) పడనీయవు.

చిరుగు పెరుగుతున్నా, బూజు కనిపించినా నిపుణులను అడగాలి. హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియంలో పరిరక్షణ విభాగం ఉంది. లక్నోలో సాంస్కృతిక సంపద పరిరక్షణకు జాతీయ ప్రయోగశాల ఉంది. ఇన్‌టాక్ అనే వారసత్వ పరిరక్షణ సంస్థ కొన్ని నగరాల్లో పరిరక్షణ కేంద్రాలు నడుపుతోంది. ముందు మీ ఫొటోలు, రాతలు పంపి సలహా అడిగితే చాలాసార్లు బొమ్మను మోసుకువెళ్లే అవసరమే రాదు. తీసుకువెళ్లవలసి వస్తే చుట్టకుండా, రెండు గట్టి అట్టల మధ్య పెట్టి, బస్సులో పై అరలో కాక ఒడిలో పెట్టుకుని వెళ్లాలి.

1972 నాటి పురావస్తువుల, కళాసంపదల చట్టం నూరేళ్లు దాటిన కళాఖండాలకు వర్తిస్తుంది. అలాంటివాటిని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. దేశంలోనే కొనేటప్పుడు మాత్రం, ఏ భాగం పెన్నుతో పూరించినదో, రంగు ఎప్పటిదని అమ్మేవారు చెబుతున్నారో, అంచులు ఎంతవరకు కత్తిరించి ఉన్నాయో రసీదు మీదనే రాయించుకుని, ఆ రసీదును బొమ్మతో కాకుండా వేరే కవరులో, అదే బీరువాలో ఉంచాలి.